నాలుగు వందల పది అడుగుల దగ్గర

దస్తగిరమ్మను అడగాలని
పదమూడు ప్రశ్నలు రాసుకొని పోయినాను,
కళ్యాణదుర్గం దాటి, బస్సు దిగి,
చెనిక్కాయ పీకేసిన చేలకు అడ్డంపడి.
మొదటిది: ఈ పనిలోకి ఎట్లా వచ్చారు?

ఆమె చెప్పులు విడిచి
బోరు మూతి దగ్గర గొంతుక్కూర్చుంది.
"ముందు దీన్ని దించనీ సామీ,
నన్ను తర్వాత దించుదువు."

చక్రానికి చుట్టిన ఆరువందల అడుగుల వైరు.
కొసన బొటనవేలంత కెమెరా,
దాని చుట్టూ మల్లెమొగ్గల్లాగా లైట్లు.
బుల్లి తెర మీద ఎండ పడకుండా
వాళ్ళాయన పాత లుంగీ.

ఎర్రిస్వామి గట్టు మీదే నిలబడ్డాడు.
ఇది ఆయన తొమ్మిదో బోరు.
ఎనిమిదింటి మూతుల మీద
రాయి పెట్టీ పెట్టీ
రాయి పెట్టడం చేతులకు అలవాటైపోయింది.

"మా నాయన టీవీలు బాగుచేసేటోడు.
జనాలు గోడకు అతికించే టీవీలు కొన్యాక
అంగట్లో ఈగలూ నేనూ మిగిలితిమి.
ఒకనాడు మా మామ బోరులో మోటారు ఇరక్కపోయె.
లోపలేమైందో అందరూ చెప్పేటోళ్ళే,
చూసినోడు ఒగడూ లేడు.
దొంగల కోసం వాకిట్లో పెట్టే కెమెరాను
గొట్టంలో ఏస్తే ఏమనిపించె."

మొదటి కెమెరా నీళ్ళు తాగి చచ్చిందట.
రెండోది డెబ్బై అడుగుల కాడ పట్టు తప్పి
ఇప్పటికీ బోయ తిప్పన్న చేని కిందనే ఉందట.
"పైకి చూస్తా ఉంటాదేమో పాపం,
రూపాయి బిళ్ళంత ఆకాశాన్ని."

వైఫల్యాలు: రెండు, అని రాసుకున్నాను.
కాసేపటికి కొట్టేశాను.

నేను అడుగుతున్నాను.
ఆమె అడుగులు లెక్కపెడుతోంది.
నూటా పది. నూటా ఇరవై.

మధ్యాహ్నం వాళ్ళింట్లో
సంగటి, ఊరిబిండి.
చేయి కడుక్కుని దండెం మీది బొంతలు దించింది.
పైన జానెడు ఎర్రగుడ్డ,
దాని కింద సున్నపు తెలుపు,
ఆ కింద ఎవరిదో ఇస్త్రీ చెదిరిన బూడిదరంగు ప్యాంటు,
అడుగున చినిగిన గొడుగు నలుపు.
నీళ్ళు తగిలిన చోట
ఒకే ఒక్క నీలం దారం.
బోరుకొక బొంత.

"రాత్రి నిద్ర పట్టకుంటే వీడియోలు పెట్టుకుంటా.
భూమి ఎన్ని కప్పుకోని పండుకుందో చూడు సామీ,
ఒక్క దుప్పటికే మనకు ఉక్కపోస్తాది."

బెంగళూరు నుంచి ఎవరో కారులో వచ్చి
రెండు కొనుక్కొని పోయినారట.
"నీలం దారం లేనివే ఏరుకున్య.
రంగులు పొందికగా ఉండాయంట.
ఎవరి బోరో, ఎంత అప్పో
చీటీ రాసి లోపల పెట్టి కుట్టి ఇచ్చినా.
కప్పుకున్నోళ్ళకు గుచ్చుకోనీ."

ఇప్పుడు అనంతపురంలో, నా గదిలో, రాత్రి,
రికార్డరు వింటున్నాను.
నలభై నిమిషాల సంభాషణలో
పదకొండు నిమిషాలు మాటల్లేవు.
చక్రం కిర్రుమంటుంది.
దూరంగా గొర్రెలు.
నాలుగు వందలు. నాలుగు వందల పది.
"ఆగు" అంటుంది, వైరుతోనో నాతోనో.

అప్పుడు ఎర్రిస్వామి గట్టు దిగి వచ్చాడు.
రాతి నెర్రెలో ఏదో మెరిసింది.
జారబోయి, జారలేదు.

"నీళ్ళేనామ్మా?"
"చెమ్మ.
నీళ్ళని నేనననుపో."
ఆయనిచ్చిన పదిహేను వందల్లో
ఐదువందలు వెనక్కి పెట్టిన గరగర కూడా వినబడుతుంది.

పదమూడో ప్రశ్న,
యువతకు మీరిచ్చే సందేశం,
నేను అడగనే లేదు.

రేపు స్టేషన్లో
ఆ ఖాళీని కత్తిరించమంటారు.
ముగ్గురం ఒకే లుంగీ కింద తలలు దూర్చి
ఊపిరి బిగబట్టుకొని ఉన్నాం అందులో.
ఎక్కడని కత్తిరించేది.